లాగ్‌బుక్‌లో పాత తేదీలకి సంతకం పెట్టమంటున్నారు అన్నా, నాకు విశ్వాసం ఉన్నట్టా లేనట్టా?

ఈ ఉత్తరం రాసిన తమ్ముడు తన పేరు వద్దన్నాడు, కంపెనీ పేరూ వద్దన్నాడు, సో రెండూ రాయట్లేదు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా, ఉండేది కూర్మన్నపాలెంలో రూమ్ తీసుకుని, పని పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో, అంటే మందుల నాణ్యత పరీక్షించే చోట. ఉత్తరం చాలా పెద్దది, అందులో అసలు సంగతి వరకు ఇక్కడ ఇస్తున్నా.

"అన్నా వందనాలండి. అడిగితే తిట్టకండి. మా ల్యాబ్‌లో వేయింగ్ బాలెన్స్, అంటే తూకం మెషీన్, రోజూ చెక్ చేసి లాగ్‌బుక్‌లో రాయాలి. మధ్యలో కొన్ని రోజులు ఎవరూ చెయ్యలేదు, మనుషులు తక్కువ. ఇప్పుడు ఆడిట్ వస్తోందని మా సీనియర్ ఆ ఖాళీలన్నీ పాత తేదీలతో నింపి సంతకం పెట్టమంటున్నారు. ఒక రోజుది పెట్టేశా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగతావి రేపు రాస్తా సార్ అని లాగుతున్నా. అక్క పెళ్ళికి తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా నడుస్తోంది, ఉద్యోగం పోతే ఏటి చెయ్యాలో తెలీదు. ఇంకోటి, షిఫ్టుల వల్ల ఆదివారం చర్చికి సరిగ్గా వెళ్ళట్లేదు, అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా దేవుణ్ణి వదిలేశావా అంటోంది. మొన్న ఒక ప్రార్థన కూటంలో భయపడేవాడికి విశ్వాసం లేనట్టే అన్నారు. నాకు రోజంతా భయమే అన్నా. అంటే నాకు విశ్వాసం లేనట్టేనా?"

తమ్ముడూ వందనాలు. తిట్టడానికి ఏముంది ఇందులో, ఈ మాట అడగలేక లోపల లోపల కుమిలిపోయేవాళ్ళు ఆ ఫార్మా సిటీ బస్సుల్లో ఎంతమంది ఉన్నారో. నువ్వు చివర్లో అడిగింది ముందు చెప్తా, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదేదీ నీ చెవికెక్కదు.

భయం ఉంటే విశ్వాసం లేనట్టు కాదు. కూటంలో ఆయన ఏ సందర్భంలో అన్నారో గానీ, మైకు ముందు ఊపులో ఉన్నప్పుడు కొన్ని మాటలు అలా దొర్లిపోతాయి, విన్నవాడు మాత్రం వాటిని రూమ్‌కి మోసుకెళ్ళి నెల రోజులు నలుగుతాడు. 56వ కీర్తన తీసి చూడు, దాని పైన రాసే ఉంటుంది, ఫిలిష్తీయులు దావీదుని గాతులో పట్టుకున్నప్పటిది అని. గొల్యాతుని కొట్టిన ఆ దావీదే అక్కడ గాతు రాజు ఆకీషు ముందు పిచ్చివాడిలా నటించి, గడ్డం మీద ఉమ్ము కార్చుకుని బయటపడ్డాడు, అంత భయం వేసింది ఆయనకి. ఆ కీర్తనలో నాకు భయమే వెయ్యదు అని ఏం రాయలేదు, భయం వేసిన రోజున నిన్ను ఆశ్రయిస్తా అన్నాడు. పౌలు కూడా కొరింథు వాళ్ళకి ఉన్నదున్నట్టే రాశాడు, బలహీనతతో భయంతో ఎంతో వణుకుతో మీ దగ్గర ఉన్నా అని. అంత వణుకుతూనే ఆ ఊళ్ళో సంఘం కట్టాడు.

ఇంకా దగ్గరి మనిషి కావాలంటే మార్కు 9లో ఆ తండ్రి ఉన్నాడు చూడు, జబ్బు పిల్లాణ్ణి తీసుకొచ్చినాయన. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చాడు. ప్రభువు ఆయన్ని నీ విశ్వాసం ఇంకా ఫుల్ అవ్వలేదు అయ్యాక రా అని పంపలేదు, పిల్లాణ్ణి బాగు చేసి చేతికిచ్చాడు. సగం నమ్మకం సగం భయం ఉన్నవాడి ప్రార్థన కూడా ప్రార్థనే.

నన్నడిగితే నీ విశ్వాసం ఎక్కడుందో నీ ఉత్తరంలోనే రాసేశావు, నువ్వు గమనించలేదు అంతే. రేపు రాస్తా సార్ అని లాగుతున్నావు కదా, అక్కడ ఉంది. భయం ఉన్నా నీ చెయ్యి ఆ పెన్ను పెట్టట్లేదు. గుండె దడదడ కొట్టుకుంటుంటే కూడా చెయ్యి ఎటు వెళ్తోందన్నది చూసుకో, నాకైతే అదే లెక్క. ఎంత సమాధానం ఫీల్ అవుతున్నా, ప్రార్థనలో ఎన్ని కన్నీళ్ళు వచ్చాయి అన్నవి రోజుకో రకంగా ఉంటాయి, నిద్ర చాలకపోతే ఒక రకం, సీ షిఫ్ట్, అదే రాత్రి డ్యూటీ, చేసొస్తే ఇంకో రకం, వాటిని పట్టుకుని దేవుడు నాతో ఉన్నాడా లేడా అని తేల్చుకోకు.

ఇప్పుడు ఆ లాగ్‌బుక్ సంగతి, దీని మీదే ఎక్కువ రాస్తా ఎందుకంటే అసలు పోరాటం అక్కడే ఉంది.

సామెతలు 11లో మొదటి మాటే ఏంటో తెలుసా, "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." నువ్వు చేసే పని సరిగ్గా అదే తమ్ముడూ, త్రాసు, గుండు. బజార్లో బియ్యం తూచేవాడి గురించి అప్పుడు రాసిన మాట, ఇప్పుడు నువ్వు స్టాండర్డ్ వెయిట్లు పెట్టెలోంచి ఫోర్సెప్స్‌తో తీసి బాలెన్స్ మీద పెడుతున్నావే, అది నీకే రాసినట్టుంది. లేవీయకాండం 19లోనూ అంతే, న్యాయమైన త్రాసులు న్యాయమైన గుండ్లు ఉండాలి అని చెప్పి, నేను మిమ్మల్ని ఐగుప్తులోంచి రప్పించిన దేవుణ్ణి అని వెంటనే గుర్తు చేస్తాడు. ఎర్ర సముద్రం చీల్చినాయన కొలతల గురించి మాట్లాడాడంటే అది చిన్న విషయం కాదన్నమాట. మనం మాత్రం ఆరాధనలో చేతులెత్తడం భక్తి అనుకుంటాం, లాగ్‌బుక్ ఏమో ఆఫీసు పని అనుకుంటాం.

ఆ బాలెన్స్ మీద తూచిన దానితోనే కదా టెస్టింగ్ అంతా నడిచేది. అక్కడ తేడా వస్తే రిజల్ట్ తేడా వస్తుంది, ఆ బ్యాచ్ ఎక్కడికో వెళ్తుంది, ఎవరో ఒక పెద్దావిడ రాత్రి అన్నం తిన్నాక ఆ బీపీ బిళ్ళ వేసుకుంటుంది, ఆవిడకి నువ్వెవరో తెలీదు, నీ సంతకం ఒకటుందని కూడా తెలీదు. నిన్ను వలె నీ పొరుగువాణ్ణి అన్నది నీ ఉద్యోగంలో ఇదే. బాలెన్స్ బాగానే ఉండొచ్చు, చాలాసార్లు బాగానే ఉంటుంది కూడా, కానీ చెయ్యని చెకింగ్ చేశా అని రాయడం మాత్రం అబద్ధమే.

మా సంఘంలో క్యూఏలో, అంటే రూల్స్ ప్రకారం పని జరుగుతోందా అని చూసే విభాగంలో, చాలా ఏళ్ళుగా చేస్తున్న ఒక తమ్ముడున్నాడు, నీ పేరు చెప్పకుండా విషయం మాత్రం చెప్పి అడిగా. అతను చెప్పింది రాస్తున్నా, జాగ్రత్తగా చదువు. మీ ఫీల్డ్‌లో రికార్డు అనేది పని జరిగినప్పుడే, చేసినవాడే రాయాలి, అది డేటా ఇంటిగ్రిటీలో, అంటే రికార్డుల నిజాయితీలో, మొదటి పాఠం. చెకింగ్ నిజంగా జరిగి, ప్రింటవుట్ ఉండి, బుక్‌లో ఎక్కించడం మర్చిపోతే దాన్ని లేట్ ఎంట్రీగా ఇవాళ్టి తేదీతో, కారణంతో, సంతకంతో రాయొచ్చు. కానీ అసలు చెకింగే జరగనప్పుడు ఆ గడి ఖాళీగానే ఉంచి, ఇవాళ్టి తేదీతో ఫలానా రోజుల్లో చెయ్యలేదు అని రిమార్క్ రాసి, క్యూఏకి చెప్పి డీవియేషన్ లేపాలి, అంటే రూల్ తప్పిందని రాతపూర్వకంగా రిపోర్ట్ పెట్టాలి. ఆ తర్వాత ఆ రోజుల్లో ఆ బాలెన్స్ మీద ఏమేం తూచారో చూస్తారు, తర్వాత చేసిన చెకింగ్ పాసయ్యిందా లేదా చూస్తారు, మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చెయ్యాలో రాస్తారు, క్లోజ్ చేస్తారు. ఆడిటర్ కూడా ఖాళీ చూస్తే ఒక ప్రశ్న వేస్తాడు, సమాధానం చూపిస్తే ముందుకెళ్తాడట. అదే అన్ని రోజులూ ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో కనిపిస్తే, సెలవులో ఉన్నవాడి సంతకం కూడా కనిపిస్తే, ఇంక ఆ ల్యాబ్‌లో ఏ కాగితాన్నీ నమ్మడు అన్నాడు. అంటే మీ సీనియర్ గారు కంపెనీని కాపాడుతున్నా అనుకుని ఎక్కువ ప్రమాదంలోకే నెడుతున్నారు.

ఈ పాయింటే నీకు దారి. వెళ్ళి నేను క్రిస్టియన్‌ని సార్, మేము ఇలాంటివి చెయ్యం అని మాత్రం అనకు, దయచేసి. నీ పక్క టేబుల్ దగ్గర ఉన్న హిందూ అబ్బాయో ముస్లిం అమ్మాయో నీకంటే ముందే వద్దని ఉండొచ్చు, నిజాయితీ మనం పేటెంట్ తీసుకున్నదేం కాదు. ఇది జరగలేదు కాబట్టి రాయలేను, అంతే, దానికి మతం అడ్డం పెట్టక్కర్లేదు.

దానియేలు మొదటి అధ్యాయం ఒకసారి చదువు, సింహాల గుంట కాదు, అంతకంటే ముందుది. రాజు భోజనం తినకూడదని మనసులో నిర్ణయించుకున్నాడు, సరే, కానీ ఏం చేశాడు, పళ్ళెం విసిరికొట్టాడా? ముందు నపుంసకుల అధిపతిని వేడుకున్నాడు. నాకు రాజంటే భయం, మీ ముఖాలు వాడిపోతే నా తల పోతుంది అని ఆయన తన కష్టం చెప్పుకున్నాడు. దానియేలు ఆ భయాన్ని తీసిపారెయ్యకుండా, కింద ఉన్న నియామకుడి దగ్గరికి వెళ్ళి, పది రోజులు చూడండి, శాకాహారం నీళ్ళు ఇవ్వండి, తర్వాత మీరే నిర్ణయించండి అని ఒక దారి చూపించాడు. నాకు ఆ కుర్రాడి పద్ధతి భలే ఇష్టం. కుదరదు అన్నది కూడా ఎదుటివాడి తల పోకుండా ఎలా చెప్పాలో తెలిసినవాడు.

నువ్వూ అలాగే చెయ్యి. నలుగురి ముందు కాదు, క్యాంటీన్‌లో కాదు, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, "సార్, ఆ రోజుల్లో చెకింగ్ జరగలేదు, నా సంతకం పెడితే రేపు ఆడిటర్ నన్ను అడిగితే నేను నిలబడలేను, మీరూ ఇబ్బంది పడతారు. డీవియేషన్ డ్రాఫ్ట్ నేనే టైప్ చేసి తెస్తా, మీరు చూసి కరెక్షన్ చెప్పండి" అను. పని తప్పించుకుంటున్నాడు అనుకోకుండా పని ఎక్కువ చేసి చూపించు. ఆయనకీ పైన ఒకరున్నారు, ఆయనకీ ఇంటి లోన్ ఉంటుంది, ఆయన చెడ్డవాడు అని ముందే తీర్మానించేసుకోకు. వెళ్ళే ముందు ఆయన పేరు పెట్టి ప్రార్థన చెయ్యి, ఆయన మనసు మారాలి అని మాత్రమే కాదు, ఆయన ఇంట్లో వాళ్ళకి ఆరోగ్యం అని కూడా. అలా ప్రార్థన చేసి వెళ్తే గొంతులో కోపం తగ్గుతుంది.

అప్పటికీ ఒప్పుకోకపోతే క్యూఏ వాళ్ళకి చెప్పు, అది పితూరీ కాదు, మీ కంపెనీ ట్రైనింగ్‌లో నీ చేత సంతకం పెట్టించుకుని మరీ చెప్పిన రూలే అయ్యుంటుంది. ఎవరితో ఏ రోజు ఏం మాట్లాడావో నీ సొంత నోట్‌బుక్‌లో రాసుకో. కంపెనీ కాగితాలు ఫోటోలు తీసి ఫ్రెండ్స్‌కి పంపడం లాంటివి మాత్రం చెయ్యకు, ఒక తప్పు ఆపబోయి ఇంకో తప్పులో పడతావు.

ఇంక నువ్వు ఆల్రెడీ సంతకం పెట్టేసిన ఆ ఒక్క రోజు. దాన్ని దాచి మిగతావాటికి నిజాయితీగా ఉందాం అనుకుంటే కుదరదు తమ్ముడూ, అదే లోపల ముల్లులా ఉంటుంది. సీనియర్‌తో మాట్లాడేటప్పుడే, ఫలానా తేదీది నేను ఒత్తిడిలో రాసేశా సార్, అది కూడా డీవియేషన్‌లో పెడదాం అని చెప్పు. దీనికి మాట పడొచ్చు, వార్నింగ్ లెటర్ కూడా రావొచ్చు, రాదని నేను హామీ ఇవ్వలేను. దేవుడి దగ్గర మాత్రం ఇవాళే, ఇది చదువుతున్న చోటే ఒప్పేసుకో, మొదటి యోహాను 1:9 ఉన్నది ఇందుకే, క్షమాపణకి వాయిదాలు లేవు. పేతురు ప్రభువుని మూడుసార్లు ఎరగనన్నాడు, ప్రభువు ఏం చేశాడు, సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేప కాల్చి, రండి భోజనం చెయ్యండి అని పిలిచాడు. ముందు తిండి పెట్టి తర్వాత మాట్లాడాడు. నిన్నూ అలాగే పిలుస్తాడు.

ఇక్కడ నీకు ఒక మాట సూటిగా చెప్పాలి. మన కూటాల్లో సాక్ష్యాలు ఎలా ఉంటాయో నీకు తెలుసు, నేను అబద్ధం ఆడనన్నా, దేవుడు నాకు ప్రమోషన్ ఇచ్చాడు, హల్లెలూయా, చప్పట్లు. దేవుడు అలా చేస్తాడు, చెయ్యడని నేననను. కానీ నిజం చెప్పి నష్టపోయినవాడికి ఆ మైకు ఎవరూ ఇవ్వరు. యోసేపు తప్పు చెయ్యనన్నందుకు అతనికి ముందు దొరికింది జైలు. అక్కడ రాజుగారికి ద్రాక్షారసం అందించే పానదాయకుడికి సాయం చేస్తే ఆయన బయటికెళ్ళి మర్చిపోయాడు, ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు లోపలే. ఆ రెండేళ్ళలో యోసేపుని ఎవరైనా చూస్తే దేవుడు ఈయన్ని వదిలేశాడనే అనుకుంటారు. షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా రాజుతో మా దేవుడు రక్షించగలడు అన్నారు, ఒకవేళ రక్షించకపోయినా సరే నీ బంగారు ప్రతిమకి మొక్కం అని కూడా అన్నారు. ఆ రెండో సగం మనం పాటల్లో తక్కువ పాడతాం.

నీ బండి మీదో ఫోన్ వాల్‌పేపర్ మీదో యిర్మీయా 29:11 ఉండే ఉంటుంది, మన వైజాగ్‌లో ఆటోల వెనక కూడా ఉంటుంది, మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవి అనే మాట. జనవరి ఒకటిన వాగ్దాన కార్డు తీస్తే అది వచ్చినవాడు పండగ చేసుకుంటాడు. దాని ముందు వచనం ఎవరూ ప్రింట్ చెయ్యరు, చెరపట్టబడ్డ యూదులు డెబ్బై ఏళ్ళు బబులోనులోనే ఉంటారు అని. ఇంకా పైన, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని. రేపే బయటపడతాం అని ఆశపెట్టే ప్రవక్తలు అక్కడ చాలామంది ఉన్నారు, దేవుడు మాత్రం ఉన్న చోట సరిగ్గా బతకండి, నేను మర్చిపోలేదు అన్నాడు. ఆ వాగ్దానం నీకొద్దని కాదు, ఆ వచనాన్ని దాని ఇరుగుపొరుగు వచనాలతో కలిపి తీసుకో అంటున్నా.

మన ఊరి సంగతే చెప్తా. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ చనిపోయాడు, 1810లో డెస్ గ్రాంజెస్ కూడా పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యింది 1812లో. ఆ పుస్తకం ఇద్దరూ చేత్తో పట్టుకోలేదు. వాళ్ళని తలుచుకుంటే నాకెప్పుడూ ఆ చివరి రోజులే గుర్తొస్తాయి, ఈ వచనం ఇలా రాయాలా అలా రాయాలా అని పక్కవాళ్ళని అడుగుతూ కూర్చునుంటారు కదా, ఎవరు చదువుతారో తెలీకుండానే.

సో నీ ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది నేను చెప్పలేను. కానీ రేపే రాజీనామా పడేసి దేవుడు చూసుకుంటాడు అని ఊరెళ్ళిపోకు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్ళు, వచ్చి ఏం చెయ్యాలి అనడిగితే ఉద్యోగం మానెయ్యండి అనలేదు, నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. సైనికులకి కూడా ఎవర్నీ బాధపెట్టొద్దు, అబద్ధపు నేరాలు మోపొద్దు, "మీ జీతములతో తృప్తిపొందియుండుడి" అన్నాడు. ఆ సీట్లోనే కూర్చుని సరిగ్గా చెయ్యమన్నాడు. ఒబద్యా అయితే అహాబు లాంటి రాజు ఇంట్లో పని చేస్తూనే నూరుమంది ప్రవక్తల్ని గుహల్లో దాచి అన్నం నీళ్ళు పెట్టాడు.

అదే టైంలో రెజ్యూమె అప్‌డేట్ చేసుకో, నాలుగు చోట్ల అప్లై చెయ్యి, అచ్యుతాపురం వైపు కూడా చూడు. ఇది అవిశ్వాసం అని ఎవడైనా అంటే నెహెమ్యా 4 చూపించు, యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువులు బెదిరిస్తే దేవుడికి ప్రార్థన చేశాం, రాత్రింబగళ్ళు కాపలా కూడా పెట్టాం అని ఒకే వాక్యంలో రాశాడు. హుద్‌హుద్ తుఫాను గుర్తుందా, 2014 అక్టోబర్ 12, అది ఆదివారం కూడా, నువ్వప్పుడు స్కూల్లో ఉండుంటావు. ఆ రోజు తలుపులు పట్టుకుని ప్రార్థన చేసినవాళ్ళే మర్నాడు కత్తులు గొడ్డళ్ళు పట్టుకుని రోడ్డు మీద పడ్డ చెట్లు నరికారు, కరెంటు లేక నీళ్ళు లేక ఎవరింట్లో ట్యాంకులో నాలుగు బిందెలుంటే పక్కింటికి ఇచ్చుకున్నారు. ప్రార్థన చేశాం కదా చెట్టు దానంతట అదే లేస్తుంది అని ఎవరూ కూర్చోలేదు.

లోన్ గురించి రెండే ముక్కలు. ఎంత బాకీ ఉంది, నెలకి ఎంత కడుతున్నావు, ఉద్యోగం లేకపోతే ఎన్ని నెలలు నెట్టగలవు, కాగితం మీద రాసి చూసుకో, చీకట్లో ఊహించుకున్నంత పెద్దగా ఉండదు చాలాసార్లు. పెద్దగానే ఉంటే కూడా తెలిసి ఉండడం మంచిది. అక్క బావ గార్లకి కూడా విషయం చెప్పు, మగపిల్లాడివి కదా అని ఒక్కడివే మొయ్యక్కర్లేదు. ఆ లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోకు.

ఇప్పుడు ఆదివారం. ఈ ఊళ్ళో షిఫ్ట్ కష్టం నీతో మొదలవ్వలేదు, స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ ఆదివారమని ఆగదు, పోర్టులో ఓడ ఆగదు, కేజీహెచ్‌లో నర్సమ్మలు ఈస్టర్ రోజు కూడా డ్యూటీలో ఉంటారు. గాజువాక, మల్కాపురం వైపు సంఘాలన్నీ ఇలాంటివాళ్ళతోనే నిలబడ్డాయి, యూనిఫాం మీదే వచ్చి వెనక బెంచీలో కూర్చుని వెళ్ళేవాళ్ళని నేను చూస్తూనే ఉంటా. మధ్యాహ్నం బీ షిఫ్ట్ అయితే పొద్దున్నే జరిగే మొదటి ఆరాధనకి వెళ్ళిపో, పొద్దున డ్యూటీ ఉండే 'ఏ' షిఫ్ట్ అయితే సాయంత్రం ఆరాధన ఉన్న మందిరం వెతుక్కో, సీ షిఫ్ట్ చేసొచ్చిన రోజు ముందు పడుకో. ఏలీయా చచ్చిపోతా ప్రభువా అన్నప్పుడు దేవదూత ప్రసంగం చెయ్యలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు. అసలు కుదరని వారం మధ్యలో మీ వీధిలో ఎవరింట్లోనో జరిగే కాటేజ్ ప్రేయర్‌కి వెళ్ళు. ఫోన్‌లో లైవ్ పెట్టుకోవడం తప్పు కాదు గానీ దాంతో సరిపెట్టుకోకు, నువ్వు రెండు వారాలు కనపడకపోతే ఏమయ్యాడు వీడు అని అడిగే మనుషులు నీకు కావాలి, ఫోన్ అది అడగదు.

ఇంకో చిట్కా, మీ షిఫ్ట్‌లో వాళ్ళకి సంక్రాంతికి దీపావళికి వినాయక చవితికి సెలవు కావాలి, నీకు ఆదివారాలు, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే కావాలి. నువ్వే ముందు వెళ్ళి పండగ రోజుల్లో నేను చేస్తా, నాకు నెలలో రెండు ఆదివారాలు సర్దండి అని అడుగు. అడక్కుండా మనసులో బాధపడితే షెడ్యూల్ వేసేవాడికి ఎలా తెలుస్తుంది. సంక్రాంతికి వాళ్ళు ఊరెళ్ళి నువ్వు ల్యాబ్‌లో ఉంటే, దానికంటే మంచి సాక్ష్యం నాకు తెలీదు.

ప్రార్థనలో మనసు నిలవట్లేదని కూడా రాశావు ఎక్కడో మధ్యలో. పొద్దున్న కంపెనీ బస్సులో కూర్చున్నాక పరలోక ప్రార్థన నెమ్మదిగా, ఒక్కో మాట దగ్గర ఆగుతూ చెప్పుకో, కళ్ళు మూసుకోకపోయినా పర్లేదు. మా అనుదినాహారము దగ్గర లోన్ గురించి చెప్పు, మా ఋణములు దగ్గర ఆ సంతకం గురించి చెప్పు, శోధన దగ్గర మీ సీనియర్ క్యాబిన్ గురించి చెప్పు. లంకెలపాలెం దాటేలోపు అయిపోతుంది. గంట ప్రార్థన చెయ్యలేకపోయానని ఇంకో గంట బాధపడడం మానెయ్యి.

అమ్మకి మాత్రం రేపే ఫోన్ చెయ్యి. వదిలెయ్యలేదమ్మా అని వాదించకుండా, ఈ వారం ఏ షిఫ్ట్ పడింది, ఆదివారం ఏ ఆరాధనకి వెళ్తున్నావు, అక్కడ ఏ వాక్యం చెప్పారు, ఇవి చెప్పు. లాగ్‌బుక్ గొడవ కూడా చెప్పు, పూర్తిగా అర్థం కాకపోయినా పర్లేదు, త్రాసు గుండు అంటే ఆవిడకి బాగానే అర్థమవుతుంది. నువ్వు సీనియర్ దగ్గరికి వెళ్ళే రోజు ఏ టైమో చెప్పి ఆ టైంకి ప్రార్థన చెయ్యమ్మా అని అడుగు. నాకూ ఆ రోజు ముందే రాయి, మేమూ చేస్తాం. ఏం జరిగినా, బాగా జరిగినా జరక్కపోయినా, తర్వాత ఇంకో ఉత్తరం రాయి. ఉద్యోగం వెతుక్కోవాల్సొస్తే నేను చెప్పిన ఆ క్యూఏ తమ్ముడితో నిన్ను మాట్లాడిస్తా, అతను సరేనన్నాడు.